గుమ్మంలో చూసిన రంగు

మా ఇంట్లో నా పేరు భయాల బుట్ట. పెట్టింది మా అత్తయ్య. బాబు పుట్టాక ఆ బుట్ట కాస్తా గంపయింది. వాడు తుమ్మితే జలుబు చేసిందంటాను. తుమ్మకపోతే ముక్కు మూసుకుపోయిందంటాను. ఆస్పత్రిలో ఉండగా వాడికి మొదటిసారి ఎక్కిళ్ళొస్తే, నేను పెట్టిన కేకకి పక్క వార్డు నర్సులు కూడా పరిగెత్తుకొచ్చారు. ఇంటికొచ్చాక మరీను. వాడు నిద్రపోతుంటే చిటికెన వేలు ముక్కు కింద పెట్టి, వెచ్చటి గాలి తగిలేదాకా నా ఊపిరి బిగబట్టుకుని కూర్చునేదాన్ని.

"నువ్వట్లా మాటిమాటికీ వేలు పెడితే వాడికి నిద్రెక్కడిదే పిచ్చితల్లీ? వాడేమన్నా కుక్కరా, విజిల్ కోసం కాచుక్కూర్చోడానికి?" అనేది అత్తయ్య.

ఆవిడ మాటల్లో కోపం ఉండదు. నా కంచంలో అడక్కుండా ఇంకో గరిటె వడ్డిస్తూ అంటుంది ఆ మాటలన్నీ. అందుకే నాకూ నవ్వొచ్చేది. కానీ ఒక చిక్కుంది. అన్నిటికీ భయపడే మనిషికి, నిజంగా భయపడాల్సింది వచ్చినప్పుడు అదేనని ఎట్లా తెలుస్తుంది? ఇంట్లోవాళ్ళు నమ్మడం సంగతి అటుంచండి, నన్ను నేనే నమ్మను కదా.

మాది పై అంతస్తులో రెండు గదుల వాటా. లోపలి గదికి ఒకటే కిటికీ. మా ఆయన పార్సిళ్ళ వ్యాను నడుపుతారు. కాన్పుకి ముందు ఒకరోజు, ఏ వీధిలో దొరికిందో గానీ, కొట్లో ఉన్నవాటన్నిట్లోకీ ముదురు గులాబీ రంగు పరదా ఏరి తెచ్చి ఆ కిటికీకి బిగించారు.

"కర్ర వంకరగా ఉందండీ" అన్నాను.

"నువ్వు తల కాస్త వంచి చూడు, తిన్నగా కనపడుతుంది" అన్నారు.

ఆ పరదాలోంచి వెలుతురు పడితే గదంతా గులాబీయే. తెల్లటి పక్కబట్టలు గులాబీ, అత్తయ్య నెరిసిన జుట్టు గులాబీ. అందులో పడుకోబెట్టిన మా వాడు అచ్చం మొగ్గలా ఉండేవాడు. కింది వాటా ఆవిడ వచ్చి చూసి, "ఏం రంగు తల్లీ! ఎవరి పోలిక?" అంటే మా ఆయన పరదా వంక చూసుకుని మీసం దువ్వుకున్నారు.

ఇంటికొచ్చిన కొద్ది రోజులకే వాడు ఏడవడం తగ్గించేశాడు. పాలకి లేపితే రెండు గుటకలు వేసి మళ్ళీ కళ్ళు మూసేవాడు. అరికాలు గిల్లితే మూతి ముడిచి, ఒక్క చుక్క మింగి, మళ్ళీ నిద్ర.

"ఎంత బుద్ధిమంతుడో చూడు" అంది అత్తయ్య మురిసిపోతూ. "వీళ్ళ నాన్న ఈ వయసులో ఏడిస్తే వీధి చివర కుక్కలు బదులిచ్చేవి."

నేనూ మురిసిపోదామనే చూశాను. కుదర్లేదు. వాడి మొహం కేసి చూస్తుంటే ఏదో గుర్తుకొస్తోంది, ఏదో అందడం లేదు. గులాబీ రంగే, కానీ మరీ గులాబీ. నుదురూ బుగ్గలూ చెవులూ అంతా ఒకే రంగు, పలకకి పూసినట్టు. పసిపిల్లలకి చెవి అంచు ఒక రంగు, అరచెయ్యి ఒక రంగు ఉంటుంది కదా. ఇట్లాంటి గులాబీ వెలుతురు నేనింతకు ముందు ఎక్కడో రోజూ చూసేదాన్ని.

చూసింది పెద్దక్క షెడ్డులో. ఎనిమిదో తరగతిలో ఉండగా మా అమ్మ మంచాన పడితే నా చదువాగిపోయింది. సైన్సు పుస్తకంలో ఆకుల పాఠం సగంలో ఉంది అప్పటికి. మిగతా సగం నాకు ఆ షెడ్డులోనే దొరికింది. పెళ్ళికి ముందు నుంచీ, కడుపుతో ఏడో నెల వచ్చేదాకా, అక్కడే పని చేశాను. నాలుగు వైపులా అద్దాలున్న షెడ్డు. పెద్దక్క దాని యజమాని. వచ్చినవాళ్ళందరికీ ఆవిడ పెద్దక్కే, ఆవిడకన్నా పెద్దవాళ్ళక్కూడా.

అక్కడ పెంచేది కూజా మొక్కలు. వేడీ తేమా ఉండే అడవుల జాతి. ఆకు చివరి నుంచి ఒక సన్నటి తీగ దిగుతుంది. ఆ తీగ కొసన బొజ్జ ఉన్న చిన్న కూజా వేలాడుతుంది, పైన మూతతో సహా. అడుగున కాసిని నీళ్ళు. అంచు మీద వాలిన పురుగు జారి అందులో పడితే మొక్కకి భోజనం. కొత్తలో నేను ఒక్కో కూజాలోకీ తొంగి చూసి, దేనికేం దొరికిందోనని దిగులుపడేదాన్ని. ఖాళీ కూజాలకి చీమలు ఏరి వేస్తుంటే పెద్దక్క పట్టుకుంది. "వాటి తిండి అవి చూసుకుంటాయి గానీ, నువ్వెళ్ళి నీ డబ్బా తెరువు" అని నన్ను తిండికి తోలింది.

షెడ్డులో పై అరల నెత్తిన దీపాలుంటాయి. గులాబీ, ఊదా కలిసిన వెలుతురు. చేరిన కొత్తలోనే పై అరలో ఆకులు ఎర్రగా కమిలినట్టుండటం చూసి నా గుండె జారిపోయింది.

"అక్కా! ఇవి కాలిపోతున్నాయి!"

"అరవకే, అద్దాలు పగుల్తాయి." ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆకు మీద పెట్టింది. "కాలిన ఆకు గోధుమ రంగుకి తిరిగి గరగరలాడుతుంది. ఇది చూడు, నున్నగా, గట్టిగా ఉంది. నెత్తిన వెలుగు ఎక్కువైందని గొడుగు వేసుకుంది. ఆ ఎరుపే దాని గొడుగు."

కింది అరలో నీడన ఉన్నవాటి ఆకులు పొడుగ్గా, ముదురు ఆకుపచ్చగా నవనవలాడుతుండేవి. నా కంటికి అవే ఆరోగ్యంగా కనిపించాయి. తీరా చూస్తే వాటి తీగలు బోసిగా ఉన్నాయి. ఒక్క కూజా కూడా లేదు.

"ఆకు రంగు చూసి బాగుందనీ బాగాలేదనీ తీర్పు చెప్పకు" అంది పెద్దక్క. "దాని మీద ఎంత వెలుగు పడిందో, అంతవరకే రంగు చెబుతుంది. ఒంట్లో ఎట్లా ఉందో తెలియాలంటే తీగ కొస చూడు. కొత్త కూజా ఊరుతోందా లేదా?"

నాకు ఆ షెడ్డులో అన్నిటికన్నా ఇష్టమైనది ఇంకొకటుంది. ఒక ఆకు మీద ఇంకో ఆకు వాలి ఉంటే, మెల్లిగా పై ఆకుని ఎత్తి చూసేదాన్ని. కింది ఆకంతా ఎర్రగా ఉండి, నీడ పడిన మేరకి మాత్రం ఆకుపచ్చగా, పై ఆకు ఆకారం అచ్చుగుద్దినట్టుండేది. అద్దుడు బొమ్మలాగా.

మొక్క షెడ్డు దాటే ముందు తప్పకుండా చేయాల్సిన పని ఒకటుంది. గుమ్మంలోకి తెచ్చి చూడాలి. ఆ దీపాల కింద ఆకుపచ్చ నల్లగా కనిపిస్తుంది, లేతాకు కూడా ఎర్రగా కనిపిస్తుంది, పాలిపోయిన ఆకు పాలిపోయినట్టే ఉండదు. అందుకని కుండీ గుమ్మం దాకా మోసుకొచ్చి, ఎండ తగలకుండా పగటి వెలుతుర్లో పట్టుకుని, ఆకు మీది తడి బొటనవేలితో తుడిచి మరీ చూడాలి. బద్ధకించి అరలోనే చూసి "బాగుందక్కా" అన్నామా, "దీపాల కింద నేనూ అందగత్తెనే. గుమ్మంలోకి తే" అనేది పెద్దక్క.

ఆ రోజు పొద్దున్న బాబు పక్కన కూర్చుని, గులాబీ గదిలో, నాకు ఆవిడ గొంతు వినపడినట్టయింది. గుమ్మంలోకి తే.

వాణ్ణి ఎత్తుకుని ముందు గది దాటి వీధి తలుపు తీశాను.

"ఎక్కడికే? గాలి తగులుతుంది!" అత్తయ్య వంటగదిలోంచి వచ్చింది, చేతిలో గరిటెతో.

"ఒక్క క్షణం అత్తయ్యా."

గుమ్మంలో నిలబడి దుప్పటి విప్పాను. పాత అలవాటు, ఆకు తుడిచినట్టు బొటనవేలితో వాడి ముక్కు మీద మెల్లిగా అదిమి తీశాను. వేలు తీసిన చోట తెల్లబడాలి. పసుపుగా ఉంది. నుదుటి మీద అదిమాను, పసుపు. రొమ్ము మీదా అంతే, పొట్ట మీదా అంతే. గులాబీ రంగంతా గదిలోనే ఉండిపోయింది.

నా నోట్లోంచి కేక రాలేదు. ఎక్కిళ్ళకి అరిచిన నోరే అది.

"అత్తయ్యా, ఇటు చూడండి. నాది ఉత్త భయమేనా చెప్పండి."

ఆవిడ గరిటె కిటికీ గట్టు మీద పెట్టి, కళ్ళజోడు తగిలించుకుని వంగింది. నేను చేసినట్టే బొటనవేలు ఆనించి తీసింది. ఇంకోసారి ఆనించింది. వేళాకోళం ఏదో వస్తుందని నేను ఎదురుచూస్తున్నాను. ఆ క్షణంలో దాని కోసం ఎంత ఆశపడ్డానో.

"చెప్పులేసుకో" అంది.

మా ఆయనకి ఫోను చేస్తే వ్యాను నిండా పార్సిళ్ళతోనే వచ్చేశారు. ముందు సీట్లో నేనూ బాబూ. వెనక పెట్టెల మధ్య అత్తయ్య. ఆస్పత్రి ముందు తలుపు తీసేసరికి ఆవిడ "పగిలే సామాను, జాగ్రత్త" అని రాసున్న పెట్టె మీద నిటారుగా కూర్చుని ఉంది.

"దాన్ని పగలగొట్టావా అమ్మా?" అన్నారు మా ఆయన.

"నన్ను ముందు దించరా. నేనూ పగిలే సామానే."

లోపల నర్సు బాబుని చూసి, మడమ మీద సూదితో పొడిచి రక్తం తీసింది. వాడు ఏడ్చాడు, అదీ నీరసంగా. డాక్టరమ్మ కాగితం చూసి, "కామెర్లు. పుట్టిన పిల్లల్లో చాలామందికి వచ్చేదే, కానీ వీడికి కాస్త ఎక్కువైంది. దీపం కింద పెట్టాలి. ఇవాళే తీసుకొచ్చి మంచి పని చేశారు" అంది. "ఇంకెప్పుడైనా సరే, ఇట్లా మత్తుగా పడుకుని పాలు తాగకపోతే రంగు కోసం చూడకండి. వచ్చేయండి."

"ఇంటి దగ్గర ఎండలో పెట్టుకుంటే సరిపోదా అమ్మా?" అని అడిగింది అత్తయ్య.

"సరిపోదండీ. ఎండకి ఒళ్ళు మాడుతుంది, కామెర్లు అట్లాగే ఉంటాయి. ఈ దీపం వేరు."

ఆ దీపం నీలం రంగుది. గాజులాంటి పెట్టెలో మా వాణ్ణి, లంగోటీ తప్ప ఏమీ లేకుండా పడుకోబెట్టారు. వెలుగు పడకుండా కళ్ళకి చిన్న గుడ్డ పట్టీ కట్టారు. పెట్టె పక్కన ఉన్న కంతలోంచి చెయ్యి పెట్టి వాడి పాదం పట్టుకుని కూర్చున్నాను. ఇన్నాళ్ళూ మొక్కలని దీపం కింద పెట్టిన చేతులివి. మొక్కైతే వెలుగు ఎక్కువైతే గొడుగు వేసుకుంటుంది. వీడికేముంది?

"సిస్టర్, ఒళ్ళు కాలదా?"

"కాలదు. వేడి చూస్తూనే ఉంటాం."

"ఆ పట్టీ బిగుతుగా లేదూ?"

"లేదు."

"దాహం వేస్తే వాడికి చెప్పడం రాదు కదా?"

"మీరున్నారుగా, వాడి తరఫున చెప్పడానికి" అని నవ్వింది నర్సు. "వేళకి పాలివ్వండి. ఇంకొక్క ప్రశ్న అడిగారంటే మిమ్మల్నీ ఇంకో పెట్టెలో పెడతాను."

"పెట్టమ్మా, పుణ్యముంటుంది" అంది అత్తయ్య. వ్యానెక్కాక ఆవిడ నా మీద వేసిన మొదటి జోకు అదే. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

మర్నాడు మా ఆయన పని మధ్యలో, యూనిఫారం చొక్కాతోనే వచ్చారు. పాలకి వేళయింది. నర్సు దీపం ఆపి బాబుని నా చేతికిచ్చింది. ఆయన నా భుజం పట్టుకుని కిటికీ దగ్గరికి నడిపించారు.

"నీ పద్ధతేగా, పగటి వెలుతుర్లో చూడు. పొట్ట చూడు, కాళ్ళు చూడు. ఎక్కడుంది పసుపు? తగ్గిపోయింది! పద, సామాను సర్దు, నేను బండి తిప్పి పెడతాను."

నేను బొటనవేలితో అదిమి చూశాను. రొమ్ము మీద తెల్లగా వచ్చింది. పొట్ట మీద తెల్లగా వచ్చింది. నా గుండె చెంగున ఎగిరింది. ఇంటికి. నా మంచం, నా పక్క, నా బిడ్డ. సంచీ అందుకోబోతూ, పాలివ్వడానికని వాడి కళ్ళ పట్టీ పైకి తీశాను.

పట్టీ కింద పసుపు. కళ్ళ చుట్టూ, కణతల దాకా, ముక్కు మొదలు మీదుగా ఒక పసుపు కళ్ళజోడు. మిగతా మొహమంతా తేటగా, అక్కడ మాత్రం నిన్నటి రంగు నిన్నటిలాగే.

సంచీ వదిలేశాను. పై ఆకు ఎత్తితే కింద కనిపించే అచ్చు గుర్తొచ్చింది.

"ఉందామండీ" అన్నాను.

"ఎందుకే? తగ్గింది కదా!"

"తగ్గింది వెలుగు పడిన చోటే. చూడండి, గుడ్డ ఉన్నచోట ఎట్లా ఉందో. మా షెడ్డులో ఆకు మీద ఆకు పడుకుంటే కింద నీడ అచ్చు పడుతుంది. ఇది అట్లాంటిదే. ఒంటి మీద ఎంత వెలుగు పడిందో మనకి తెలుస్తోందంతే, లోపల ఎట్లా ఉందో తెలియట్లేదు."

పట్టీ సరిచేయడానికొచ్చిన నర్సు ఆ మాట విని తలూపింది. "అంతే. దీపం కింద పెట్టాక మేమూ రంగు చూసి చెప్పం. రక్తం చూస్తేనే. సాయంత్రం తీస్తాం."

మా ఆయన మొహం చిన్నబోయింది. ఆయనకి వాణ్ణి ఇంటికి తీసుకెళ్ళాలని ఎంత తొందరో నాకు తెలియదా? "ఇన్నాళ్ళూ అన్నిటికీ భయపడ్డావు. ఇప్పుడు ధైర్యం చెబితే దానికీ భయమేనా?" అన్నారు, నెమ్మదిగానే.

"భయమే. అందుకే ఉందామంటున్నాను."

ఆయన స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నారు. గుమ్మం పద్ధతి కూడా ఇక పనిచేయదని తెలిశాక నాకు చేతులు విరిగినట్టయింది. సాయంత్రం దాకా దేన్ని చూసి ఊపిరి పీల్చుకోవాలి? అప్పుడు పెద్దక్క మాట రెండో సగం గుర్తొచ్చింది. తీగ కొస చూడు.

వాడి పెదాలకి పాలు తగిలించాను. మామూలుగా అయితే రెండు గుటకలు, నిద్ర. ఈసారి మూడోది మింగాడు. ఇంకోటి. నాకు లెక్క తప్పింది. పిడికిలి బిగించి, కనుబొమలు ముడిచి, ఎవరో లాక్కుపోతారన్నట్టు చప్పుడు చేస్తూ తాగడం మొదలుపెట్టాడు. మధ్యలో ఆగి ఒక్కసారి కళ్ళు విప్పి చూశాడు. మళ్ళీ పట్టుకున్నాడు.

"ఆకలేసిందిరా నా తండ్రికి" అంది అత్తయ్య.

తాగడం అయ్యాక మా ఆయన చేతికిచ్చాను. లంగోటీ మార్చబోతూ విప్పానో లేదో, వెచ్చగా, ఏటవాలుగా, కంపెనీ బొమ్మ కుట్టి ఉన్న ఆయన చొక్కా జేబులోకే పోశాడు.

"ఒరేయ్! ఇంకా డ్యూటీలో ఉన్నాన్రా!"

"కదలకండి!" అని అరిచాను నేను. "పోయనివ్వండి!"

నర్సు పరుగున వచ్చింది, నేను మళ్ళీ దేనికో అరిచాననుకుని. చొక్కా చూసి, "మంచిదే. ఆ పసుపంతా బయటికి పోయే దారుల్లో అదొకటి" అంది. మా ఆయన ఆ జేబుతోనే మిగిలిన పార్సిళ్ళు ఇచ్చొచ్చారు.

సాయంత్రం రక్తం తీశారు. కాగితం వచ్చేదాకా నేను ఆ పాదం వదల్లేదు. డాక్టరమ్మ వచ్చి, "దిగింది. బాగా దిగింది. ఇంకో పూట ఉంచి, మరోసారి చూసి పంపిస్తాం" అంది. ఆవిడ చెప్పినట్టే మరోసారి చూశారు, చెప్పినట్టే పంపించారు.

ఇంటికొచ్చేసరికి లోపలి గదిలో మామూలు వెలుతురు ఉంది. పరదా లేదు. వంకర కర్ర మాత్రం అట్లాగే ఉంది.

"తీసేశారేం?" అన్నాను.

"మురికయింది" అన్నారు, నా వంక చూడకుండా. తర్వాత చూస్తే మడత పెట్టి పెట్టె అడుగున దాచారు. దాన్ని నేనే పైకి తీసి, అత్తయ్య చేత బాబుకి దుప్పటి కుట్టించాను. రంగుదేం తప్పు?

ఆ వారంలోనే పెద్దక్క వచ్చింది, చంకలో కుండీతో. తీగల కొసన రెండు కూజాలు, ఇంకో కూజా వేలి గోరంత, ఇప్పుడిప్పుడే ఊరుతోంది. కుండీ నా చేతికిచ్చి, బాబుని అందుకుని, కూర్చోనైనా కూర్చోకుండా తిన్నగా గుమ్మంలోకి నడిచింది.

"ఏదీ, దీపాల కింద కాదు, ఇట్లా చూడనీ." బొటనవేలు వాడి బుగ్గ మీద ఆనించి తీసింది. కళ్ళ చుట్టూ అప్పటికి చాలామటుకు మాసిపోయిన ఆ లేత అచ్చు చూసి పకపకా నవ్వింది. "ఓసి నీ! ఈ ఆకు మీద ఏ ఆకు పడుకుందే?"

కూజా మొక్కని పరదా లేని కిటికీ గట్టు మీద పెట్టాను. కిటికీ వైపున్న ఆకులు అంచుల్లో ఎర్రబడుతున్నాయి. గది వైపున్నవి ఇంకా ఆకుపచ్చగానే ఉన్నాయి. నేను మారానా అంటే, ఏం మారలేదు. వాడు తుమ్మితే ఇప్పటికీ లేచి కూర్చుంటాను. కాకపోతే భయం వేసినప్పుడల్లా ముందు వాణ్ణి గుమ్మంలోకి తీసుకెళ్ళి చూస్తాను, ఆ తర్వాత అరవాలో వద్దో ఆలోచిస్తాను.

నిన్న పొద్దున్న లేచేసరికి పక్కలో బాబు లేడు. గుండె ఆగినంత పనై పరిగెత్తుకెళ్ళాను. వీధి తలుపు తీసి ఉంది. అత్తయ్య గుమ్మంలో నిలబడి, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, వాడి ముక్కు మీద బొటనవేలు ఆనించి తీస్తోంది. మళ్ళీ ఆనించి తీస్తోంది.

"ఏంటత్తయ్యా చేస్తున్నారు?"

ఉలిక్కిపడింది.

"ఏం లేదు. వీడి ముక్కు వీళ్ళ తాత ముక్కులా చప్పిడిగా ఉంది. కాస్త సాగదీద్దామని."

"సాగిందా?"

ఆవిడ వాణ్ణి వెలుతురు వైపు తిప్పి ఇంకోసారి చూసింది.

"తెల్లగా సాగింది" అంది. వాణ్ణి నా చేతుల్లో పెట్టి, కళ్ళజోడు పైకి తోసుకుంటూ, నాకు పాలు కాచడానికి వంటింట్లోకి వెళ్ళిపోయింది.